గిడుగు రామమూర్తి పంతులు గారు, సవర భాష, ఒక పతకం



ఆగస్టు 29 వచ్చిందంటే మన ఉప్పల్, నాచారం బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫొటోకు దండ వేస్తారు. వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడని ఉపన్యాసాలు చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఆయన తెలుగు కోసం పోరాటానికి దిగకముందే ఎన్నో ఏళ్ళు ఒక ఆదివాసీ భాష కోసం కష్టపడ్డారని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ భాష సవర. 1930లలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది కూడా సవరల కోసం చేసిన సేవకు గుర్తింపుగానే.

ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఆ కోణం నుంచి చెప్పుకుందాం. ఆయన ఆదివాసీ కాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన బడిపంతులు. అయినా మన సంఘం సంచికలో ఆయనకు చోటు ఎందుకన్నది చివరి వరకూ చదివితే మీకే తెలుస్తుంది.

వంశధార ఒడ్డున బాల్యం

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేట అనే ఊళ్ళో పుట్టారు. శ్రీకాకుళం ప్రాంతంలో వంశధార నది పక్కన, శ్రీముఖలింగం గుడికి దగ్గరలో ఉన్న ఊరది. అప్పట్లో ఆ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు.

ఆ కాలంలో కొండల మీద పరిస్థితి ప్రశాంతంగా లేదు. 1864-65లో గుణుపురం వైపు సవర కొండల్లో పోలీసులకూ సవరలకూ మధ్య పెద్ద ఘర్షణ జరిగింది. తర్వాత కొండల్లోకి పోలీసు ఠాణా వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి పోడు చేసుకుంటున్న కొండ ఒక్కసారిగా సర్కారు ఆస్తి అయిపోయింది. రామమూర్తి గారి బాల్యం, యవ్వనం ఇలాంటి రోజుల్లో, ఆ కొండల పాదాల దగ్గర గడిచాయి.

ఆయన చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. బంధువుల అండతో విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. తర్వాత కన్యాశుల్కం రాసి పేరు తెచ్చుకున్న గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. తల్లినీ చెల్లెళ్ళనూ పోషించాల్సిన బరువు మీద పడడంతో పై చదువు ఆగిపోయింది. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద టీచరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., తర్వాత బి.ఏ. పరీక్షలు గట్టెక్కారు. పగలు పనికి వెళ్ళి రాత్రి డిగ్రీ పుస్తకాలు తెరిచే పిల్లలు మన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చాలామంది ఉన్నారు. నూట నలభై ఏళ్ళ కిందట ఆయన చేసిందీ అదే.

చరిత్ర పాఠం చెప్పే రోజుల్లోనే శ్రీముఖలింగం గుడి గోడల మీద ఉన్న శాసనాలను ఆయన స్వయంగా చదవడం నేర్చుకున్నారు. పాత లిపి చెప్పే గురువు దొరకలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, గాంగ రాజుల చరిత్ర మీద ఇంగ్లీషులో పరిశోధన వ్యాసాలు రాశారు. తెలియని దాన్ని ఓపికగా విప్పి చూసే అలవాటు ఆయనకు అక్కడే వచ్చింది. తర్వాత సవర భాష దగ్గర ఆ అలవాటే ఉపయోగపడింది.

సంతకు దిగివచ్చిన భాష

పర్లాకిమిడి కొండల అంచున ఉన్న ఊరు. కొండ మీద పండించిన ధాన్యం, కందులు, పసుపు, చింతపండు, తేనె నెత్తిన పెట్టుకుని సవరలు సంతకు దిగివచ్చేవారు. ఉప్పు, బట్ట కొనుక్కుని తిరిగి కొండ ఎక్కేవారు. సంతలో బేరం జరిగినా, కోర్టులో సాక్ష్యం చెప్పినా, ఠాణాలో ఫిర్యాదు చేసినా మధ్యలో ఒక దుబాసీ ఉండాల్సిందే. సవర మనిషి ఒకటి చెబితే అధికారి చెవికి ఇంకొకటి చేరవచ్చు. తూకంలో మోసం జరిగినా, రాతలో అన్యాయం జరిగినా అడగడానికి భాష లేదు. మాట రాకపోవడం వల్ల పంట పోయింది, భూమి పోయింది, కొన్నిసార్లు మనిషే జైలుకు పోయాడు.

సవర పిల్లల చదువు సంగతి చెప్పనక్కర్లేదు. బడి ఉంటే తెలుగులోనో ఒడియాలోనో ఉంటుంది. ఇంట్లో వినని మాటలతో మొదటి పాఠం మొదలైతే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? వాడికి తెలివి లేదని పంతులు అనుకుంటాడు. బడిలో తనకు పని లేదని పిల్లవాడు అనుకుంటాడు.

రామమూర్తి గారు దీన్ని చూశారు. చూసి జాలిపడి ఊరుకోలేదు. ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆదివాసీలకు చదువు చెప్పాలని అనుకున్నవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఈ రోజుల్లోనూ ఉన్నారు. కానీ చెప్పడానికి ముందు తానే విద్యార్థిగా కూర్చుని ఆదివాసీల దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలా తక్కువ.

తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఆయన తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషికి భోజనం, వసతి తానే చూసుకున్నారు. రోజూ ఆయన మాట్లాడుతుంటే విని, పలికి, తప్పు దిద్దించుకుని, కాగితం మీద రాసుకునేవారు. కులం పట్టింపులు గట్టిగా ఉన్న ఆ కాలంలో ఒక బ్రాహ్మణ పంతులు గారు సవరలను ఇంటికి పిలిచి, వాళ్ళనే గురువులుగా భావించడం చిన్న విషయం కాదు. సొంత ఇంట్లోనూ, బంధువుల్లోనూ ఎన్ని చూపులు, ఎన్ని మాటలు భరించి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత ఆయనే కొండలెక్కారు. సవర ఊళ్ళకు వెళ్ళి కథలు, పాటలు, పనిముట్ల పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికాల మాటలు రాసుకున్నారు. మన్యంలో తిరిగితే మలేరియా తప్పదు. ఆయనకూ వచ్చింది. దానికి వాడిన క్వినైను ప్రభావం చెవుల మీద పడింది. వినికిడి పోయి జీవితాంతం ఆ లోపంతోనే బతికారు. ఒక భాష ధ్వనులను చెవితో విని రాసే పనిలో ఉన్న మనిషికి చెవులే పోవడం కన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా పని ఆపలేదు. కొడుకు గిడుగు వెంకట సీతాపతి గారు తండ్రికి చెవులయ్యారు, చేతులయ్యారు. సీతాపతి గారు సవరల పాటలను సేకరించి, వాటి మీద తర్వాత స్వయంగా వ్యాసాలు రాశారు.

సవర భాషలో ఏముంది?

మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఆదివాసీ భాష అంటే లిపి లేని, వ్యాకరణం లేని ఏదో యాస అని బయటివాళ్ళు అంటారు. వినీ వినీ మనమూ నమ్మేస్తాం. రామమూర్తి గారు ముప్పై అయిదేళ్ళు పనిచేసి ఆ మాట తప్పని నిరూపించారు.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. తెలుగు, గోండి, కోయ, కొలామి, కువి భాషలు ద్రావిడ కుటుంబానివి. లంబాడీ ఇండో-ఆర్యన్ కుటుంబానిది. సవర, గుతోబ్ గదబ భాషలు ముండా శాఖకు చెందినవి. సంతాలీ, ముండారీ, హో భాషలు వాటికి అక్కచెల్లెళ్ళు. ఈ ముండా శాఖ ఆస్ట్రోఏషియాటిక్ అనే పెద్ద కుటుంబంలో భాగం. మేఘాలయలోని ఖాసీ, నికోబార్ దీవుల భాషలు, కంబోడియాలోని ఖ్మేర్, వియత్నామీ భాష ఆ కుటుంబంలోనివే. అంటే సీతంపేట కొండల్లో అవ్వ మాట్లాడే మాటకు దూరపు చుట్టాలు ఆసియా ఖండం ఆ చివర ఉన్నారన్నమాట. ఉప్పల్‌లో ఒక గిరిజన హాస్టల్ గదిలో సవర, కోయ, లంబాడీ పిల్లలు ముగ్గురు కలిసి ఉంటే, ఆ ఒక్క గదిలోనే మూడు భాషా కుటుంబాలు కాపురం ఉన్నట్టు లెక్క.

సవరలో పదం చివర గొంతులో గాలిని చటుక్కున ఆపి పలికే ధ్వనులు ఉన్నాయి. తెలుగు అక్షరాల్లో వాటికి చోటు లేదు. క్రియల తీరు ఇంకా విచిత్రం. చేపను పట్టడం, నీళ్ళు తాగడం వంటి మాటల్లో చేప, నీళ్ళు అనే పేర్లు పొట్టి రూపంలోకి మారి క్రియ లోపలికి చేరిపోతాయి. ఒక వాక్యం మొత్తం ఒకే పదంలో ఇమిడిపోతుంది. ఈ లక్షణాన్ని ప్రపంచంలోని భాషా శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆసక్తిగా చదువుతున్నారు.

లెక్కల సంగతి కూడా చూడండి. మనం పది పదులుగా లెక్కపెడతాం. సవరలు పన్నెండు వరకు వేరు వేరు పేర్లు చెప్పి, 13ను 12, 1 అంటారు. 19 అంటే 12, 7. తర్వాత 20 ఒక కట్ట. 33 అనాలంటే 20, 12, 1 అని చెప్పుకోవాలి. పన్నెండునూ ఇరవైనీ కలిపి నడిపే ఇలాంటి లెక్క ప్రపంచంలో చాలా అరుదు. ఇలా లెక్కపెట్టే మనిషికి సంతలో లెక్క రాదని నవ్వినవాళ్ళకు అసలు ఆ లెక్కే అర్థం కాలేదు.

సొంత డబ్బుతో బడులు

భాష నేర్చుకున్నాక రామమూర్తి గారు సవర వాచకాలు తయారుచేశారు. సవరలకు సవర భాషలోనే చదువు చెప్పే బడులు పెట్టించారు. మొదట్లో టీచర్ల జీతాలు కూడా తన జేబులోంచే ఇచ్చారు. బడిపంతులు జీతం ఎంతో మనకు తెలుసు కదా. ప్రభుత్వం ఆయన పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు.

1911లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. 1913లో మద్రాసు ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది.

సవర నుంచి తెలుగుకు

1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ఆయనకు సందేహం వచ్చింది. ఆ ప్రశ్న రామమూర్తి గారి దగ్గరకు వచ్చేసరికి పోరాటంగా మారింది. గురజాడ, రామమూర్తి గారు, యేట్స్, శ్రీనివాస అయ్యంగారు కలిసి పనిచేశారు. జయంతి రామయ్య పంతులు గారి వంటి పండితులు గ్రాంథికం పక్షాన నిలబడి గట్టిగా ఎదిరించారు. 1919లో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే ఏడు రామమూర్తి గారు తెలుగు అనే పత్రిక నడిపారు.

ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పుస్తకం లేని సవర భాషలో పక్కా వ్యాకరణం ఉందని ఆయన ముందే చూశారు. జనం నోట్లో ఉన్నదే భాష, రాత దాని వెనక నడవాలి అన్న విషయం సవర కొండల్లో ఆయనకు రోజూ అనుభవమైంది. పిల్లవాడికి తెలిసిన మాటతో పాఠం మొదలుపెట్టాలన్న సూత్రం సవర బడిలో పనికొచ్చింది. తెలుగు బడిలో ఎందుకు పనికిరాదు? కాబట్టి ఈ రోజు మనం పేపర్లో, ఫోన్లో, పరీక్షల్లో హాయిగా రాసుకుంటున్న వాడుక తెలుగు వెనక సవరలు నేర్పిన పాఠం కూడా ఉందని ధైర్యంగా చెప్పవచ్చు. సవరలు తెలుగు నుంచి తీసుకున్నదే కాదు, తెలుగుకు ఇచ్చింది కూడా ఉంది.

వ్యాకరణం, పతకం

1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం రామమూర్తి గారి సవర భాషా వ్యాకరణ గ్రంథాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. సొర అనే పేరులోని అచ్చులను దీర్ఘంగా పలకాలని తెలియజేయడానికి పుస్తకం పేరులోనే అక్షరాల పక్కన చుక్కల గుర్తులు పెట్టారు. ధ్వని విషయంలో అంత జాగ్రత్త. వినికిడి పోయిన మనిషి రాసిన పుస్తకమని గుర్తుపెట్టుకుంటే ఆ చుక్కల విలువ తెలుస్తుంది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

దేశం మొత్తం భాషలను లెక్కగట్టిన గ్రియర్సన్ గారి భాషా సర్వే మద్రాసు రాష్ట్రాన్నీ, మన హైదరాబాద్ సంస్థానాన్నీ తన పరిధిలోకి తీసుకోలేదు. అంత పెద్ద ప్రభుత్వ సర్వే వదిలేసిన ప్రాంతంలో ఒక బడిపంతులు, ఆయన కొడుకు, కొందరు సవరలు కలిసి ఒక భాషను ప్రపంచం ముందు నిలబెట్టారు.

ఈ కృషికే 1930లలో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఈ పతకాన్ని విక్టోరియా రాణి కాలంలో 1900లో మొదలుపెట్టారు. భారతదేశంలో ప్రజాసేవ చేసినవారికి జాతి, ఉద్యోగం, ఆడ, మగ తేడా లేకుండా ఇవ్వాలని నియమం. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బిళ్ళ, ముదురు నీలం రిబ్బను. డాక్టర్లు, నర్సులు, మిషనరీలు, కరువులో పనిచేసినవాళ్ళు ఎక్కువగా అందుకున్నారు. గాంధీగారికి 1915లో వచ్చింది. 1920లో సహాయ నిరాకరణ సమయంలో ఆయన దాన్ని వెనక్కి పంపేశారు.

ఈ పతకం గురించి ఆలోచిస్తే మనసు రెండు వైపులా లాగుతుంది. సవరల అడవిని తీసుకున్నదీ, కొండల్లో ఠాణా పెట్టిందీ ఆ ప్రభుత్వమే. సవరలకు సేవ చేసినందుకు పతకం ఇచ్చిందీ ఆ ప్రభుత్వమే. రామమూర్తి గారి సేవ నిజం, ప్రభుత్వం ఇచ్చిన గౌరవమూ నిజం. అయితే ఆ గౌరవం సవరలకు వాళ్ళ కొండను తిరిగి ఇవ్వలేదు. ఈ రెండు సంగతులనూ కలిపే చదవాలి.

దస్త్రాల్లో ఎవరి పేరుంటుంది?

ఇలాంటి పతకాల వెనక కాగితాల కట్టలు ఉంటాయి. జిల్లా అధికారి సిఫార్సు రాస్తాడు. మద్రాసు సెక్రటేరియట్ దాన్ని పరిశీలించి పైకి పంపుతుంది. ఆమోదం వచ్చాక కొత్త సంవత్సరం రోజునో, చక్రవర్తి పుట్టినరోజునో గెజిట్‌లో పట్టిక వస్తుంది. ఆ పట్టికలో ఒక మనిషికి ఒక్క వరుస. పేరు, హోదా, ఊరు. అంతే.

ఆ ఒక్క వరుసలో రామమూర్తి గారి పేరుకు చోటుంది. ఆయన ఇంట్లో కూర్చుని మాట మాటకూ అర్థం చెప్పిన ఆ మొదటి గురువుకు చోటు లేదు. రాత్రి మంట దగ్గర పాట పాడి రాయించిన అమ్మలకు, చెట్ల పేర్లు చెప్పిన పిల్లలకు, కొండదారి చూపించినవాళ్ళకు చోటు లేదు. నిఘంటువులోని వేల మాటలు వాళ్ళ నోటి నుంచి వచ్చినవే. ఇది రామమూర్తి గారి తప్పు కాదు. గెజిట్ తీరే అంత. ఇచ్చేవాళ్ళు ఎవరిని చూశారో వాళ్ళ పేరే రాస్తారు. మిగిలిన పేర్లు రాయాల్సిన బాధ్యత మనలాంటివాళ్ళ మీద పడుతుంది.

దస్త్రాలంటే మనకు దూరమైన విషయమని అనుకోవద్దు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ తర్వాత నాలుగో స్టేషన్ తార్నాక. నాచారం నుంచి అయితే ఇంకా దగ్గర. అక్కడే తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొగలుల కాలం, అసఫ్‌జాహీ నవాబుల కాలం నాటి పర్షియన్, ఉర్దూ కాగితాలు అక్కడ భద్రపరిచారు. గంజాం, విశాఖ జిల్లాల పాత దస్త్రాలు మద్రాసు ప్రభుత్వానివి కాబట్టి చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెతకాలి. తార్నాక పక్కనే ఉస్మానియాలో భాషా శాస్త్ర విభాగం ఉంది, ఇఫ్లూ ఉంది. మన ఇళ్ళకు ఇంత దగ్గరలో ఉన్న ఈ చోట్లలోకి మన పిల్లలు వాచ్‌మన్ ఉద్యోగానికో, క్యాంటీన్ పనికో మాత్రమే వెళ్ళే రోజులు పోవాలి. చదివేవాళ్ళుగా, వెతికేవాళ్ళుగా వెళ్ళాలి.

1936: రెండు సంఘటనలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువారున్న ఆ పట్టణం ఒరిస్సాలోకి పోవడాన్ని రామమూర్తి గారు ఎంతగానో వ్యతిరేకించారు. తన మాట నెగ్గలేదు. యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరిని వదిలి రాజమండ్రి చేరారు. అప్పటికి ఆయన వయసు 72. ఆ గీత సవరల మధ్య నుంచి కూడా పోయింది. కొన్ని ఊళ్ళు ఒరిస్సాలో, కొన్ని ఆంధ్రలో మిగిలాయి. అటువైపు పిల్లలు ఒడియా బడికి, ఇటువైపు పిల్లలు తెలుగు బడికి పోయారు.

అదే ఏడాది జూన్‌లో గుణుపురం వైపు మంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి తయారుచేశారు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. బయటివారు ఇచ్చిన లిపి మీద ఆధారపడకుండా సవరలే తమ అక్షరాలు తయారుచేసుకున్నారు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు కంప్యూటర్లోనూ రాయవచ్చు. గొమాంగో గారికి ఏ చక్రవర్తీ పతకం ఇవ్వలేదు. అయినా మనం రామమూర్తి గారి పేరు తలుచుకున్న చోట ఆయన పేరు కూడా తలుచుకోవాలి.

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రామమూర్తి గారికి కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు కూడా పత్రికల వాళ్ళతో వాడుక భాష గురించే మాట్లాడారు.

ఆయన తర్వాత

ఆయన పుస్తకాలు అటకెక్కలేదు. 1960లలో షికాగో విశ్వవిద్యాలయం పండితులు ముండా భాషల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు సవరకు ఆ వ్యాకరణం, ఆ నిఘంటువే పునాది. 2008లో వచ్చిన ది లింగ్విస్ట్స్ అనే డాక్యుమెంటరీలో అమెరికా పరిశోధకులు ఒడిశా కొండలకు వచ్చి సవర మాటలు రికార్డు చేయడం చూడవచ్చు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, సవర. మొదట 240 బడుల్లో అమలుచేశారు. పిల్లవాడికి తెలిసిన మాటతో పాఠం మొదలుపెట్టాలని ఒక బడిపంతులు సొంత డబ్బుతో చేసిన పనిని ప్రభుత్వం తన పనిగా తీసుకోవడానికి ఇంచుమించు నూరేళ్ళు పట్టింది.

2011 జనాభా లెక్కల్లో సవరను మాతృభాషగా చెప్పినవాళ్ళు 4 లక్షలకు పైగా ఉన్నారు. సంఖ్య బాగానే ఉంది. కానీ సంఖ్య చూసి ధీమాగా ఉండలేం. ఊరు వదిలి నగరానికి వచ్చాక ఏం జరుగుతుందో మనకు తెలుసు. అవ్వ భాష మాట్లాడుతుంది. అమ్మకు అర్థమవుతుంది. పిల్లలకు పేరు మాత్రమే తెలుస్తుంది. ఏ భాషనైనా మూడు తరాల్లో ఇలా పోగొట్టుకోవచ్చు. దీనికి ఏ శత్రువూ అక్కర్లేదు. బస్సులో, హాస్టల్లో, ఫ్యాక్టరీ గేటు దగ్గర సొంత భాషలో ఫోన్ మాట్లాడడానికి సిగ్గుపడితే చాలు.

మనం చేయగలిగింది

రామమూర్తి గారి పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకోండి. వినాలి, రాయాలి, చెప్పినవాళ్ళకే మళ్ళీ వినిపించి దిద్దించుకోవాలి. ఆయనకు కాగితం, కలం, అరువు చెవులు మాత్రమే ఉన్నాయి. మన చేతిలో ఫోన్ ఉంది.

ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చోండి. వాళ్ళ అనుమతి అడిగి రికార్డు చేయండి. ముందు లెక్కలు అడగండి. తర్వాత చుట్టరికాల పేర్లు, విత్తనాల పేర్లు, చెట్ల పేర్లు, కోతల పాట, బిడ్డను పడుకోబెట్టే పాట అడగండి. ప్రతి రికార్డింగు దగ్గర చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి. ముందు పేరు రాయండి, తర్వాత మాట రాయండి. వినడం పూర్తయ్యాక మీరు రాసుకున్నది వాళ్ళకు చదివి వినిపించండి. తప్పు పలికితే వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. రామమూర్తి గారు పలికినప్పుడు కూడా ఆ సవర గురువు నవ్వే ఉంటాడు.

సవర పిల్లలైతే సవరలో, కోయ పిల్లలైతే కోయలో, లంబాడీ పిల్లలైతే లంబాడీలో రాసి మన సంఘానికి పంపండి. తెలుగు లిపిలో రాసినా సరే, సొంత లిపిలో రాసినా సరే. వచ్చే సంచికలో మీ పేరుతో పాటు మీ అవ్వ పేరు, తాత పేరు కూడా వేసుకుందాం.